దారంతో కట్టిన దేశం

వారానికోసారి కరెంటు కోత రోజున, తెలుగు నేతగాళ్లు వలసొచ్చిన గోడాదరాలో మగ్గాలకు సెలవు. సోమలింగం నోటికి మాత్రం ఆ రోజే పని ఎక్కువ. వజ్రమ్మ చాయ్ బండి దగ్గర నలుగురు చేరగానే కోతలు కోయడం మొదలుపెడతాడు. బెంచీ చివర బిక్షపతి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. పదకొండేళ్లుగా ఇద్దరూ ఒకే మగ్గాలకు జోడీ, ఒకరు పగలు, ఒకరు రాత్రి. ఆ కోతలు విని విని బిక్షపతి విసుక్కోవడం కూడా మానేశాడు.

"నేనేం పెద్ద పని చెయ్యలే," అన్నాడు సోమలింగం. "సముద్రం నడుమ ఓ చిన్న దేశముంది గద, వాళ్ల మంత్రి సలాబత్‌పురా బజార్ల బట్టలు చూడనీకి వచ్చిండు. అంగీ గుండీ ఊడితే కుట్టిచ్చిన. గంతే."

"గంతేనా?" అంది వజ్రమ్మ.

"నేను గంతే అన్న గని ఆయన ఇడిస్తె గద! చెయ్యి పట్టుకొని తీస్కపోయిండు. పదిహేను రోజులున్న. ఎంత చిన్న దేశమంటవ్, మగ్గం పెట్టి అటిటు ఉరికే నాడె ఇసిరితే సముద్రంల పడ్తది. అప్పుడు మనకూ వాళ్లకూ మాటల్లేవు. మన దేశమేలే పెద్దసారుకు ఫోన్ కొట్టిన. సారూ, పెద్దన్న తమ్మునింటికి పోతే చెప్పులు బయట ఇడవాలె అన్న. తెల్లారేసరికి మంచినీళ్ల ఓడ పంపిండు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"నీ చాయ్ చల్లారింది," అంది వజ్రమ్మ.

"సముద్రం పొంగి దేశం మునగబట్టింది. నాలుగు వేల పోగుల పడుగు చేసి, ఒక కొస వాళ్ల కొబ్బరిచెట్లకు, ఇంకో కొస మన హజీరా ఒడ్డుకు కట్టిన. దేశం ఆగింది. ఇప్పటికీ పోటొస్తె ఇక్కడ గుంజుతది. ఆ పడుగు మీద నడిచొచ్చి రెండు దేశాల మంత్రులు నడిమిట్ల సంతకాలు చేసిన్రు. చేపలు తలకాయలు పైకెత్తి చూసినయి. ఆ దోస్తానా గుర్తుకు అక్కడ అరవై మగ్గాలు పెడ్తున్నరు. మనిషికి రెండే. నేను పేరు చెప్తే చాలు."

అందరూ నవ్వారు, నరహరి తప్ప. పన్నెండు మగ్గాల మధ్య నిలబడి పాతికేళ్లకే చెవులు మందగించిన మనిషి.

"కాకా, పోయిన వారం అడిగిన గద, నా పేరు చెప్పినవా?"

"మొన్ననే చెప్పిన."

"మంచిగైంది. ఇగ రానని పొద్దుగాల సేఠ్‌కు చెప్పిన. రేపు ఏడింటికి నా మగ్గాలు వేరేటోనికి ఇస్తడు. మా ఇంటామె సింధూజ సామాను కడ్తున్నది."

నవ్వు ఆగిపోయింది. బిక్షపతి కళ్లు తెరిచాడు. రోజంతా మగ్గాల మోతలో నోరు విప్పలేని మనిషి సెలవునాడు నాలుగు కోతలు కోస్తే తప్పేముందని ఇన్నాళ్లూ ఊరుకున్నాడు. ఇప్పుడు ఆ మాట నమ్మి ఒక ఇల్లు ఖాళీ అవుతోంది. చెప్పినవాడే దిద్దుకుంటాడని ఎదురుచూశాడు. సోమలింగం చల్లారిన చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు.

"అన్నా, ఆ పదిహేను రోజులు ఎప్పుడు పోయినవ్?"

"నిరుడు వానాకాలం."

"నిరుడు వానాకాలం రోజూ ఏడింటికి నాకు మగ్గాలు అప్పజెప్పింది ఎవలు? జోడీ రాకుంటే రెండోటోడు మగ్గం ఇడిచి కదలొద్దు. నీ కోసం నేను ఒక్కనాడు ఆగలే. పదకొండేండ్లల్ల ఒక్క పూట నాగా పెట్టలే నువ్వు. చెప్పుకుంటే అది చెప్పుకో."

నరహరి ఒకసారి బిక్షపతిని, ఒకసారి సోమలింగాన్ని చూశాడు.

"కాకా, మగ్గాలు లేవా అక్కడ?"

సోమలింగం తల అడ్డంగా ఊపాడు. "ఆ దేశమే నేను చూడలే బిడ్డా. లే, సేఠ్ దగ్గరికి పోదాం. తప్పు నాదని నేనే చెప్త."

నాలుగడుగులు వేసి ఆగాడు.

"తమ్మీ, నువ్వు గూడ రా. నేనొక్కన్నే చెప్తే ఎవలు నమ్ముతరు?"

బిక్షపతి మోకాళ్లు పట్టుకుని లేచాడు. వారానికి ఉన్నది ఆ ఒక్క సెలవే.