ఆటోలో పదో సీటు

కృప టీచర్ పోయిన రోజునే, ఆమె ఇంటర్నెట్టులో పెట్టిన ప్రోగ్రామింగ్ పజిల్‌కు మొదటి అభ్యంతరం వచ్చింది. నెల తరువాత జహీరాబాద్ బడి స్టాఫ్‌రూంలో ఆమె భర్త అయిన లెక్కల సారు కంప్యూటర్ టీచరమ్మకు ఫోను చూపించాడు.

"ఝరాసంగం పోయే ఆటోల పది సీట్లు. లైన్ల పన్నెండు మంది ఉంటే ఎందరు ఎక్కుతరో ప్రోగ్రాం చెప్పాలె. డ్రైవర్ పక్కన కూసునేటోళ్ళు లెక్కనా అని ఒకాయన అడుగుతున్నడు."

"ఆయన మన ఆటో ఎన్నడూ ఎక్కలేదు సార్."

"దానికో రూల్ రాసిన. ఒళ్ళో పిల్లలకు సీటు లేదని ఇంకో రూల్."

"ఆటోవాలాకే గిన్ని రూల్స్ లేవు!"

"గని అందరికీ జవాబు పదే వస్తున్నది. కృప తొమ్మిదని పెట్టింది. శనివారం లోపల సరిచేయకుంటే సైటోళ్ళు పజిల్ తీసేస్తరట."

"తప్పు పడ్డదేమో. పది చేయుండ్రి, ఫికర్ ఖతం."

"తప్పు కాదమ్మా. నేను చాయ్ తాగొచ్చేదాంక కృప ఆటోల పక్క సీటు మీద నాకని బ్యాగు పెట్టి కూసునేది."

"మరి అదే రూల్ రాయుండ్రి సార్."

"రాస్తే, బ్యాగు పెట్టేటోళ్ళే రాకుంటే ఎట్ల అని అడుగుతరు."

శుక్రవారం సాయంత్రానికి నియమాలు పదిహేడయ్యాయి. పదో సీటు నియమం మాత్రం ఆయన ఇంకా రాయలేదు.