రేకుకో వేషం

బసవలింగమని ఒకడున్నాడు మా తుమ్మదిబ్బలో. ఇప్పుడూ ఉన్నాడు, మీరొచ్చేటప్పుడు చూసే ఉంటారు, బజార్లో సైకిలు తిరగేసి పంచరేసుకుంటా, బక్కగా, పెదాలు కదుపుకుంటా. వాడే. ఏం కదుపుతున్నాడనుకున్నారు? పద్యాలయ్యా, పద్యాలు. ఆ లింగం మా ఊరి నాటకాల కొట్టంలో తెర లాగేవాడు. ఒకేడా రెండేళ్ళా, ఇరవై ఎనిమిదేళ్ళు లాగాడంట. మా ఊరి సంగతి మీకు తెలియదుగా, చెప్తా ఇనండి. మా ఊళ్ళో బడికి తలుపుల్లేవు, బజార్లో దీపం లేదు, రోడ్డా, దాని ఊసెత్తొద్దు. నాటకానికి మాత్రం కొట్టం ఉంది, రేకుల కొట్టం, స్టేజీతో సహా. నాటకం కూడా మా సొంతం. ధర్మకేతు మహారాజు నాటకమని, మా ఊరి పెద్దాయనే ఎవరో రాశాడు. ఆయనకి రేచీకటంట, పొద్దుగూకితే కళ్ళు కనపడవు, అందుకని నాటకం పగలే ఆడాలన్నాడు. ఆయన పోయి అరవై ఏళ్ళైంది, మేం ఇంకా పగలే ఆడతన్నాం. ఎందుకురా అని అడిగితే ఒక్కడూ చెప్పలేడు, ఆచారం అంటాడు. అట్టాంటి ఊరు మాది.

సరే, లింగానికి ఒక్కటే కోరిక. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ధర్మకేతు వేషం వెయ్యాలి. రాజుగా సింహాసనం మీద కూచోవాలి, రాజ్యం పోగొట్టుకోవాలి, వీధుల్లో పడి ఏడుస్తా పద్యం పాడాలి. అన్ని పద్యాలూ నోటికొచ్చు వాడికి. సైకిలుకి గాలి కొడతా కొడతా రాగం తీసేవాడనుకో, రాగం అయ్యేదాకా కొట్టేవాడు, ట్యూబు పేలేది. వాడి పెళ్ళాం రావమ్మ, నోరున్న మనిషి, "గాలి చక్రానికి కొడతన్నావా నీకు కొట్టుకుంటన్నావా" అనేది. మరి రాజు వేషం ఎవరిదీ అంటే పున్నారావుది. ఇరవై ఏళ్ళుగా ఆయనే రాజు. గొంతు గంట. అయితే ఏమైందంటే, ఆ మధ్య ఆయాసం పట్టుకుంది ఆయనకి. పద్యం సగంలో ఆగి దగ్గేవాడు. దగ్గటం కూడా నాటకంలోదే అనుకుని చప్పట్లు కొట్టేవాళ్ళం మేం. ఇక కిరీటం దించుకోవాల్సిందేనని ఆయనకీ తెలుసు, కానీ ఊరికే ఇచ్చేస్తాడా? మా ఊళ్ళో ఊరికే ఏదీ ఇవ్వరు.

అట్టా ఉండగా గాలివాన వచ్చింది. అంత గాలి మళ్ళీ చూళ్ళేదు. కొట్టం మీద రేకులన్నీ కాయితాల్లాగా లేచిపోయినయ్. తెల్లారేసరికి కొట్టానికి గోడలున్నయ్, కప్పు లేదు. ఆ రేకులు ఏమైనయ్యా అంటే, ఊరి చుట్టూ పొలాల్లో పడ్డయ్. ఎవరి పొలంలో పడ్డ రేకు వాళ్ళు నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారు. ఒకడు గొడ్లపాక మీద ఏసుకున్నాడు, ఒకడు కోళ్ళగూటి మీద, ఒకావిడ మేకల మీద. దొంగతనం కాదు సుమా! దేవుడిచ్చాడనుకున్నాం. ఇక పున్నారావు ఊళ్ళో వాళ్ళందర్నీ కూచోబెట్టి, దగ్గి, చెప్పాడంట: "కొట్టానికి కప్పు ఎవడు ఏయిస్తాడో, ఈ ఏడు కిరీటం వాడిదే." ఆ మాట నోట్లోంచి రావడమే ఆలస్యం, లింగం లేచి నిలబడ్డాడు. "నేనేయిస్తా మామా" అన్నాడు. రావమ్మ అక్కడే ఉంది, "ముందు మనింటి మీద తాటాకు ఏయించు" అంది. ఇనిపిస్తేగా వాడికి.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు ఇల్లిల్లూ తిరగడానికి. మొదటిల్లు బుల్లెమ్మత్తది. ఎనభై దాటిన ముసల్ది, మొగుడూ లేడు పిల్లలూ లేరు, నాలుగు మేకలున్నయ్, ఆ మేకల మీద మా కొట్టం రేకుంది. "అత్తా, రేకియ్యవా" అన్నాడు. "ఇస్తాలేరా అబ్బాయా, మరి నాకేం వేషం ఇస్తావు?" అంది. వాడు బిత్తరపోయి, ఈ వయసులో నీకు వేషమేందత్తా అంటే, "అయితే మేకల మీదే ఉండనీ, అయ్యేమీ అడగవు" అని తలుపేసుకోబోయిందంట. లింగం చూశాడు. కిరీటం కళ్ళ ముందు కనపడతంది, అక్కడ చూస్తే తలుపు పడతంది. "ఆగత్తా, ఆగు! పట్టణ ప్రజ ఎయ్యి. మాట్లాడక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు" అన్నాడు. ముసలిది రేకిచ్చింది. అంతే అయ్యా, రెండో ఇంటికి వాడు పోయేలోపలే కబురు పోయింది, రేకిస్తే వేషమంట అని. రెండో ఇంట్లోనూ అదే, మూడో ఇంట్లోనూ అదే. మా కొట్టం రేకు మాకిచ్చి వేషం అడుగుతున్నారు, సిగ్గుందా మాకు? లేదు. పోనీ వాడన్నా కాదనొచ్చుగా? వాడికి కాదనడం రాదు. ఎవరేదడిగితే దానికల్లా తలూపాడు. రెండు రేకులిస్తే మాట్లాడే వేషం, ఒక రేకిస్తే మాట్లాడని వేషం. మంత్రులు తొమ్మిది మందయ్యారు. సేనాపతులు నలుగురు. శత్రురాజు ఒకడే ఉండాలి గదా, వాడికి తమ్ముళ్ళు పుట్టుకొచ్చారు. పిల్లలు జింకలు. మంచంలో ఉన్న ముసలాయనొకడు, లేవలేడు, ఆయన కొడుకు రేకిచ్చాడని ఆయన్ని మంచంతో సహా కొండ చేశారు, పైన పచ్చ దుప్పటి కప్పి. నేనూ మా బావమరిదీ కలిసి ఒక రేకిచ్చాం, అదీ సగం తుప్పు. మా ఇద్దరికీ కలిపి గుర్రం ఇచ్చాడు. ముందు కాళ్ళు వాడు, వెనక కాళ్ళు నేను. రేకుకు తగ్గ వేషం. హార్మణీ వాయించే గురుమూర్తి తెర తాడు కూడా నేనే కాలి బొటనవేలికి కట్టుకుని లాగుతా అన్నాడు. రావమ్మకి చెలికత్తె ఇచ్చాడు, వింజామర ఊపేది. పున్నారావుకి పెద్దమంత్రి. మొత్తానికి కప్పు పడింది. రిహార్సళ్ళు ఎవరింట్లో వాళ్ళు, ఎవరి పెరట్లో వాళ్ళు. అందరం ఒకచోట చేరింది లేదు, చేరితే చోటు చాలదు.

నాటకం రోజు రానే వచ్చింది. పొద్దున్నించీ రంగులు పూసుకుంటన్నాం. వంటల్లేవు, ఎవరింట్లోనూ పొయ్యి వెలిగించలా. స్టేజీ వెనకాల తొక్కిసలాట, ఒకడి కత్తి ఇంకొకడి కళ్ళల్లో. లింగానికి కిరీటం పెట్టారు. తగరం అతికించిన అట్ట కిరీటమే అనుకో, అయినా అది పెట్టగానే వాడి మెడ నిలబడింది. రావమ్మ వచ్చి, పక్కకి ఒరిగిన కిరీటాన్ని సర్ది పోయింది. మూడు గంటలకి గురుమూర్తి కాలు ఊపాడు, తెర లేచింది. సింహాసనం మీద లింగం, చుట్టూ తొమ్మిది మంది మంత్రులు. వాడు లేచి, చెయ్యి చాపి, ఇరవై ఎనిమిదేళ్ళ నుంచీ దాచుకున్న గొంతుతో, "ఓ నా ప్రజలారా! నా పాలన ఎట్లున్నది?" అన్నాడు. అని కిందికి చూశాడు. చాపలున్నయ్. చాపల మీద వాకిట్లోంచి పడ్డ ఎండుంది. మనిషి లేడు. ఒక్క మనిషి లేడు. ఒక కోడి పిల్లలతో గింజలేరుకుంటంది. వాడు అట్టాగే చెయ్యి చాపుకుని నిలబడ్డాడు. అప్పుడు వెనక నుంచి బుల్లెమ్మత్త, ప్రజ వేషం గదా, "బానే ఉందయ్యా" అంది.

అప్పుడు తెలిసొచ్చింది మాకు. ఊరంతా స్టేజీ మీదే ఉన్నాం, చూసేవాళ్ళెవరు? పక్కూరు కొత్తరేవు వాళ్ళు ఏటా వచ్చేవాళ్ళు, కానీ అంతకుముందేడు పున్నారావు మీసం ఊడిందని నవ్వారు. నవ్వినందుకు మా వాళ్ళు కర్రలు తీసి, ఇంకోసారి మా నాటకానికొస్తే చూడండి అన్నారు. వాళ్ళు మాట పడే మనుషులు కారు, రాలేదు. పున్నారావు దగ్గుతా, "అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవడ్రా!" అని అరిచాడు. ఇక చూడు రగడ. నువ్వు దిగు అంటే నువ్వు దిగు అని. మంత్రులెక్కువయ్యారు దిగండంటే, "నేను రెండు రేకులిచ్చా" అని ఒకడు. జింకలు దిగండంటే, తల్లులు ఊరుకుంటారా? గుర్రాన్ని దించండన్నాడు ఎవడో, మా బావమరిది ముందు కాలుతో తన్నాడు. పోనీ కొత్తరేవు వాళ్ళకి కబురు పెడదామా అంటే, ఇట్టాంటి సంగతి తెలిస్తే వాళ్ళు అక్కడ నుంచే నవ్వుతారని పెట్టలా. ఇంతలో ఒక సేనాపతి నిచ్చెన తెచ్చుకుని, "నాకు వేషం లేకపోతే నా రేకు నాకే" అని పైకెక్కాడు. వాడెక్కితే ఇంకొకడు ఎక్కాడు. టక్కు టక్కుమని మేకులు పీకే చప్పుడు. గాలివాన చెయ్యని పని మేం చేస్తన్నాం.

లింగం చూశాడు. ఎవర్ని దిగమనాలి? బుల్లెమ్మత్త వంక చూశాడు. పెళ్ళినాటి చీర కట్టుకుని, నొసటన ఎవరిచేతో బొట్టు పెట్టించుకుని, స్టేజీ చివర నిలబడి ఉంది. పొద్దున్నించీ నిలబడే ఉంది, కూచుంటే వేషం పోతుందేమోనని. మంచంలో ముసలాయన దుప్పటి కింద నుంచి, "కొండ దిగక్కర్లేదుగా?" అని అడుగుతున్నాడు. కిరీటం మీద చెయ్యేశాడు. తీస్తే మళ్ళీ వస్తుందా? రాదు, ఈ జన్మకి రాదు, వాడికి తెలుసు. తీశాడు. పున్నారావు నెత్తిన పెట్టాడు. "నువ్వే ఎయ్యి మామా. నేను కిందకెళ్ళి చూస్తా" అన్నాడు. రావమ్మ వింజామర కింద పడేసి వచ్చింది. "ఏందయ్యా ఇది? ఇన్నేళ్ళు నా చెవులు తిన్నావు గదా!" అంది. కోపం కాదది, ఏడుపు. "పిలిచింది నేను గదే, దిగమని ఎవరికి చెప్పను? నాకు నోరు రావట్లా" అన్నాడంట. నిచ్చెన మీద వాళ్ళు మేకులు వదిలేసి దిగొచ్చారు.

లింగం పోయి చిట్టచివరి చాప మీద, మూలకి కూచున్నాడు. స్టేజీ మీద నుంచి మా వాళ్ళు, "ముందుకి రారా, మాకు కనపడట్లా!" అని అరుపులు. ఎక్కడన్నా ఉందా ఇది? ముందుకొచ్చి మధ్యలో కూచున్నాడు. నాటకం మొదలైంది. మొదట్లో వాడి కడుపు మండుతానే ఉందంట, పున్నారావు పద్యం అందుకుంటే, ఇది నేను ఇంకా బాగా పాడేవాణ్ణి అనుకున్నాడంట. తర్వాత్తర్వాత ఏమైందంటే, వాడు అనుకోవడం మర్చిపోయాడు. అన్నేళ్ళూ తెర పక్కన నిలబడి అందరి చెవులూ వీపులూ చూశాడే గానీ, మొహాలు ఎప్పుడన్నా చూశాడా? చూళ్ళేదు. ఆ నాటకాన్ని ఎదురుగా కూచుని చూడటం వాడికదే మొదలు. రాజు రాజ్యం పోగొట్టుకుని వీధిలో పడ్డాడు. పున్నారావు పాడుతున్నాడు, ఆయాసంతో ఆగుతున్నాడు, మళ్ళీ పాడుతున్నాడు. లింగానికి కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారతన్నయ్. "వన్స్ మోర్!" అన్నాడు.

మరి చూసేవాడు వన్స్ మోర్ అంటే ఆడాలి గదా, అది నాటకం ధర్మం. పున్నారావు మళ్ళీ పాడాడు. అది అవగానే లింగం లేచి నిలబడి, "జింకలు, వన్స్ మోర్!" అన్నాడు. పిల్లలు మళ్ళీ గెంతారు. "కొండ, వన్స్ మోర్!" అన్నాడు. మంచం అవతలికి మోసుకెళ్ళి మళ్ళీ మోసుకొచ్చారు, దుప్పటి కింద ముసలాయన కిసుక్కున నవ్వాడు. ఒక్కొక్కళ్ళనీ పిలిచాడయ్యా, పేరుపేరునా, ఒక్కణ్ణి కూడా వదల్లేదు. ఆఖరికి, "బుల్లెమ్మత్తా! నిలబడ్డావు చూడు, అది. వన్స్ మోర్!" అన్నాడు. ముసలిది రావమ్మ చెయ్యి పట్టుకుని పక్కకెళ్ళింది, మళ్ళీ వచ్చింది, అదే చోట నిలబడింది. ఊరికే నిలబడటమే. ఎనభై ఏళ్ళల్లో ఆవిడ చేసిన పని మళ్ళీ చెయ్యమని అడిగినవాడు అప్పటిదాకా లేడంట. చప్పట్లు కొట్టింది లింగం ఒక్కడే, అయినా ఆ చప్పుడు నాకు ఇప్పటికీ ఇనిపిస్తది.

గుర్రాన్ని కూడా పిలిచాడు. "ముందు కాళ్ళు సరే, వెనక కాళ్ళు భలే నడిచినయ్, వన్స్ మోర్!" అన్నాడు. నేను గుడ్డ లోపల, మా బావమరిది నడుం పట్టుకుని వంగి ఉన్నా. ఏడుపాగలా నాకు. గుడ్డ లోపల గదా, ఎవరికీ కనపడలా, అదొక్కటి నయం. ఇప్పుడేమైందో చెప్పనా? ఆ తర్వాతేటి నుంచీ మా ఊళ్ళో వేషాలు అడిగేవాడు లేడు, అందరికీ లింగం కూచున్న చాపే కావాలి. చూసేవాడి వేషం కోసం కొట్టుకుంటన్నాం, ఆడేవాళ్ళు దొరక్క పోయినేడు నాటకం ఆగింది. బుద్ధి రాదయ్యా మాకు, ఎటు ఒరిగితే అటే అందరం. ఇంతసేపూ కదలకుండా కూచుని ఇన్నారు, మీరే నయం. ఏదీ, మీలో ఒక్కరన్నా నాకు వన్స్ మోర్ అనరేం?