బాల్కనీలో ఈల

శేరిలింగంపల్లి దగ్గర ఏండ్ల కిందట మూతపడ్డ సినిమా హాలు. పాడుబడ్డ కట్టడాలు చూసే పిచ్చి ఉన్న మనవరాలు, నాయినమ్మ చేయి పట్టుకుని మెట్లెక్కించింది.

“ఇగ బాల్కనీల ఉన్నం, నాయినమ్మా.”

“ఇన్నేండ్లకు ఎక్కిన! ఎప్పుడొచ్చినా నేల టికెటేనాయె.”

“కూసో. కుర్చీ గట్టిగనే ఉంది. తెర గోడనే కూలిపోయింది.”

“కూలనియ్యి. అండ్లకెల్లి ఐటీ బిల్డింగులు చూడు, కలర్ బొమ్మ పడ్డట్టే ఉంది.”

“అమ్మో! ఈలేసినవా? చెవులు గుయ్యిమన్నయి!”

“మీ తాత మన ఎన్క ఉన్న ఆ గదిల రీళ్లు తిప్పేటోడు. కింద చీకట్ల నేనున్ననని ఆయనకెట్ల తెలవాలె?”

“ఈలేస్తే తొంగి చూసేటోడా?”

“ఓసారి నన్ను చూసుకుంట రీలు మార్చుడే మర్చిపోయిండు. తెరంత తెల్లగైంది. ఆ వెలుగుల అందరు తిరిగి చూస్తే, నా వేళ్లు ఇంక నోట్లనే ఉన్నయి!”

“మరి మీది పెద్దోళ్లు కుదిర్చిన పెండ్లి అంటవు గద?”

“కుదిర్చిండ్రు బిడ్డా. ఊరంత చూసినంక కుదర్చక ఏంజేస్తరు?”