నవాబు ముద్ద ముట్టలేదు

తినలేదంటే ఏందప్పా హెన్రీ? ముట్టనే లేదా? వాసన కూడా చూడలేదా?

నేను ఆస్పత్రిలో పడినానని నా కుక్కను నీ ట్రైనింగు గ్రౌండుకు తోలుకుపోతివి. ఏం పెట్టినావు? చికెనా! ఓహో, పెళ్ళివిందే పెట్టినావు. బంగారు పళ్ళెంలో బిర్యానీ పెట్టు నాయనా, నా నవాబు పరాయి చేతి కూడు ముట్టడు. వాణ్ణి తయారు చేసింది ఎవరనుకుంటాండావు? ఈ ఏసేపు!

ఆ స్టూలు లాక్కోని కూర్చో. కాలు కట్టేసినారు గానీ నా నోరు కట్టేయలేదు. తుంటి ఎట్ల విరిగిందని ఎవరన్నా అడిగితే మాత్రం, ఒంటిమిట్ట రోడ్డులో పొగరుబోతు ఎద్దును కొమ్ములు పట్టి ఆపబోయి పడినాడని చెప్పు. బాత్రూములో జారినానని నీకూ, మా ఇంటామె ప్రేమమ్మకూ తప్ప ఎవురికీ తెలీదు.

ఏం చెప్తాండా... ఆఁ, కుక్కల పోటీలు.

మా కాలంలో పోటీ అంటే పోటీ! కర్నూలు గ్రౌండులో దొంగ వేషగాడు చేతికి గోనెపట్టాలు చుట్టుకోని వస్తే, కుక్క నిజంగానే దొంగనుకునేది. ఇప్పుడు నీ కుక్కలు? దొంగను వదిలేసి, వాని చేతికున్న మెత్తటి తొడుగు పీక్కోని, నోట కరుచుకోని గ్రౌండంతా ఊరేగుతాండాయి. నువ్వేమో చప్పట్లు! అది పోటీనా, పుట్టినరోజు పండగనా?

మాకు ఆఖరు పరీక్ష తిండిది. కొత్తవాడు మటన్ ముక్క ముందర పడేస్తే కుక్క ముట్టకూడదు. విషం పెట్టే దొంగలుంటారు గదా, అందుకు. నా మొదటి కుక్క ముందర ఏకంగా పొట్టేలు తొడ పెట్టినారప్పా. బండలు పగిలే ఎండ. తొడకు చీమలు పట్టి, ఆ చీమలే దాన్ని గ్రౌండు బయటికి మోసుకుపోయినాయి. నా కుక్క రెప్ప కొట్టలే! జడ్జీకే నోరూరి పరీక్ష ఆపి భోజనానికి లేచినాడు. నవ్వుతాండావా? కప్పు మా ఇంట్లో ఉండాది, పోయి చూడు.

ఎట్ల నేర్పినానా? ముక్కలో మిరప్పొడి కూరి కొత్తోళ్ళ చేత ఇప్పించేది. ఆపైన దానికి లోకమంతా మిరప్పొడే. మొహం అట్ల పెట్టొద్దు. అందరం అంతే చేస్తిమి. ఇనుప గొలుసు, మిరప్పొడి, గట్టి గొంతు. నీ మాదిరి మాట వింటే బిస్కెట్లు, బాలు, శభాష్ అన్నట్టు టిక్కు టిక్కుమనే డబ్బీ మాకు యాడుండాయి?

నవాబుకూ అదే నేర్పితివా అంటే? నేర్పకపోతే వాడు ఏసేపు కుక్కెట్లయితాడు! మా ప్రేమమ్మ సంగటి కెలికినా, గిన్నె నేనే పెట్టాల. ఆయమ్మ పెడితే మూతి తిప్పుకుంటాడు. ఆ మాట ఊరంతా శానా గొప్పగా చెప్పుకున్నా.

తినమనే మాటేందా? మాట లేదప్పా. మాటైతే దొంగ కూడా నేర్చుకుంటాడు. నా అరచెయ్యి వాని మెడ మీద ఆనాల, అప్పుడే మూతి గిన్నెలో పెడతాడు. ఇట్లాంటి తాళం లోకంలో ఎవడన్నా చేసినాడా?

నా తువ్వాలు పంపిస్తి గదా, గిన్నె పక్కన పెట్టినావా? ఏందీ, దానికి కాపలా పడుకున్నాడా? నిన్నే దగ్గరికి రానియ్యలేదా! చూసినావా! కుక్కంటే అట్లుండాల! అట్ల...

నీళ్ళన్నా తాగుతాండాడా?

దేవునికి స్తోత్రం.

పశువుల డాక్టరు ఏమన్నాడు? సెలైను ఎక్కిచ్చి ఎన్నాళ్ళో నెట్టలేం అన్నాడా. ఊఁ.

నిన్న ఫోన్లో నా మొహం చూపిస్తివి గదా. ఎంత పిలిస్తినో విన్నావు. ఫోను వాసన చూసినాడు. తర్వాత ఫోను వెనక్కి పోయి చూసినాడు, నేను యాడ దాక్కున్నానో అని. నా చెయ్యిని ఫోన్లో ఎట్ల పంపేదప్పా?

వాణ్ణి ఈడికి తెస్తే ఆస్పత్రోళ్ళు గేటు కాడే ఆపేసిరి. నన్నే గేటు దాకా మోసుకుపొమ్మంటే, కదిపితే అతికిచ్చిన ఎముక మళ్ళా పోతాదంట. పొద్దున పెద్ద డాక్టరుకు చేతులెత్తి దండం పెట్టినా. ఏసేపు! దండం! ఆయన నా భుజం తట్టి పక్క మంచానికి పోయినాడు.

హెన్రీ. నీ డబ్బీ తియ్యి నాయనా.

నీ బిస్కెట్లు తియ్యి. నేల మీద చల్లి దూరంగా కూర్చుంటావో, బాలు ఆడిస్తావో, జోల పాడతావో నాకు తెలీదు. ముట్టకుండా చేసేదే నాకు వచ్చు. ముట్టించేది రాదు. నువ్వే నేర్పు. నా చెయ్యి మర్చిపోతే మర్చిపోనీ.

తువ్వాలా? తీసెయ్యి.

పోతాండావా? ఉండు, ఒక్క మాట. వాడు తిన్నాడనుకో, మీ గ్రౌండులో పిల్లోళ్ళంతా ఎట్ల తిన్నాడని అడుగుతారు గదా. ఏసేపు ఆస్పత్రి మంచం మీద నుంచి ఫోన్లో ఒక్క కేక వేసినాడు, నవాబు లేచి గిన్నె ఖాళీ చేసినాడు అని చెప్పు.

ఎద్దు సంగతి ఎట్లాగూ చెప్తావు. దాంతో పాటు ఇది కూడా చెప్పప్పా.