మూత చప్పుడు

నా పేరు చిలుఫ్యా. ఊళ్లో కపెంబ్వా అవ్వ అంటారు. కసామా పట్నం అవతల ఈ బడిలో వంట చేసేదాన్ని. వయసు డెబ్బై దాటింది, సరిగ్గా ఎంతో మా అమ్మకే తెలియదు. ఇంట్లో నేనూ, గనుల పట్నం నుంచి మా కూతురు పంపిన మనవరాలు ములెంగా, ఒక మేక. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మ్వెన్యా టీచరు రాస్తోంది.

నా వీడ్కోలు సభకు పెద్దగా కూర్చున్న హెడ్మాస్టరు కసొండే గారికి, ఊరి పెద్దకు, కమిటీవాళ్లకు, నాతోపాటు పొగ మింగిన వంటగత్తెలకు మోకరించి, చేతులు చరిచి దండం పెడుతున్నాను. నా వెనక వంటింటి తలుపు దగ్గర చాపల మీద పిల్లలున్నారు. వాళ్లకు వీపు చూపించి నిలబడ్డందుకు ఏమీ అనుకోకండి. కారణముంది, చివర్లో చెబుతాను.

కొత్త చిటెంగే గుడ్డ కప్పి, 'బడికి అమ్మ' అని పొగిడారు. సంతోషం. కానీ అమ్మ చేతిలోని కుండ లాక్కుని భుజాన గుడ్డ కప్పడం ఎక్కడి మర్యాద? పిల్లలు తినక కుండలో కూడు మిగిలిపోతోందని వచ్చే వారం నుంచి పొయ్యి వెలిగించరట, బిస్కెట్ల అట్టపెట్టెలు దించుతారట. (వేదిక మీద ఎవరో దగ్గారు.) దగ్గకు కసొండే, నీ దగ్గు నాకు నీ చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఈ బడిలో చదివే రోజుల్లో రాగి సంకటి చూసి "అవ్వా, ఇది బురద" అని ముక్కు మూసుకున్నవాడే ఈయన. నేను బతిమాలలేదు. పిల్లలు తినమంటే నోరు మూస్తారు, వద్దంటే తెరుస్తారు. "ఇది పెద్దలది, చెయ్యి పెట్టారో వేళ్లు విరుస్తా" అని, సంకటీ, చెట్ల మీద ఏరి ఎండబెట్టి వేయించిన పురుగులూ కుండలో పెట్టి, మూతేసి, వీపు తిప్పి గిన్నెలు తోమేదాన్ని. కాసేపటికి టింగుమని మూత చప్పుడు. నేను చెవిటిదానిలా తోముతూనే ఉండేదాన్ని. మళ్లీ టింగు. "ఎవర్రా అది?" అని తిరిగేసరికి ఈ హెడ్మాస్టరు గారి బుగ్గ ఇంత లావు. "ఏముందిరా నోట్లో?" అంటే "పన్ను నొప్పి అవ్వా" అన్నాడు. మూతి మీద పురుగు కాలుంది. (పెద్దగా నవ్వులు.)

నవ్వండి. అలా తిన్న నోళ్లే కరువులు దాటాయి. ఈ ఏడూ మొక్కజొన్న ఎండింది, రాగులు నిలబడ్డాయి. నా గాదె నిండుగా ఉంది, నా ములెంగా మాత్రం పుల్లలా అయిపోయింది. తెల్ల మొక్కజొన్న ముద్ద లేకపోతే నోరు తెరవదు. "అది తింటే అందరూ నన్ను అడవిదానివంటారు" అంటుంది. తిట్టాను, పాట పాడాను, చివరికి నా పాత ఎత్తు వేశాను. కుండ పెట్టి వీపు తిప్పాను. గిన్నెలన్నీ తోమాను. తోమినవే మళ్లీ తోమాను. తిరిగి చూస్తే కుండ పెట్టింది పెట్టినట్టే ఉంది. బడిలోనూ అంతే.

కసొండే, నీ పిల్లల ముందు నువ్వు ఒక్క పురుగు నమిలి ఎన్నాళ్లయింది? పట్నం చుట్టాలొస్తే సంకటి కుండ మంచం కిందకు తోసేది మీ ఇళ్లలో కాదూ? పిల్లలకు కళ్లుంటాయి. పెద్దలు ఇష్టంగా దాచుకున్నది దొంగిలిస్తారు. సిగ్గుతో దాచినదాన్ని ఎవరు దొంగిలిస్తారయ్యా?

ఇక చెబుతాను. పొద్దున వండిన కుండ ఆ తలుపు దగ్గరే, పిల్లల చేతికి అందేలా పెట్టాను. ములెంగాను దాని పక్కనే కూర్చోబెట్టాను. ఇంతసేపూ నేను మాట్లాడింది మీకోసం కాదు, వాళ్లకు వీపు తిప్పి ఉండటానికి. చప్పట్లు వద్దు, ఆపండి, మూత చప్పుడు వినబడదు. (సభ నిశ్శబ్దమైంది.)

లేదు. మ్వెన్యా, నీకేమైనా వినబడిందా? నిజం రాయి.

కప్పిన గుడ్డకు, చెప్పిన మాటలకు, నా పొయ్యికి కట్టెలు మోసినవాళ్లకు దండాలు. కుండ అక్కడే వదిలి, వెనక్కి చూడకుండా ఇటునుంచి దిగిపోతాను. సెలవు.

చిలుఫ్యా వేలిముద్ర.
సాక్షులు: కసొండే, హెడ్మాస్టరు. మ్వెన్యా, టీచరు (రాసినది నేనే. నాకూ వినబడలేదు).