పద్దెనిమిదో కుర్చీ

పద్దెనిమిదో కుర్చీలో కూర్చున్నవారు మళ్లీ గెలవరని ఆ శాసనసభలో అందరి నమ్మకం. సభ మొదలవుతుందనగా, ఆ కుర్చీ కేటాయించిన కొత్త సభ్యురాలు గుమ్మంలోనే ఆగిపోయింది. సాగనంపడానికి వచ్చిన ఆమె బాబాయి ఒకప్పటి సభ్యుడు.

“నడవ్వే అమ్మడూ, ఇవాళ మొదటి ప్రశ్న నీదే.”

“అడుగుతాను బాబాయ్. ఆ కుర్చీలో మాత్రం కూర్చోను. వెనకాల నిలబడి అడుగుతాను.”

“నీ మైకు ఉండేది నీ కుర్చీ దగ్గరే. వెనక నుంచి అరిస్తే మంత్రికి వినపడదు, రికార్డుకూ ఎక్కదు. మన ఊరి ఆసుపత్రికి డాక్టరు కావాలని గోడకు చెప్పుకుంటావా?”

“నా పదవి ఊడితే డాక్టరు కోసం ఎవరడుగుతారు? దానివల్ల ముగ్గురు వరసగా ఓడారా, లేదా?”

“ఓడారు. నేనూ ఓడాను, నాది గుమ్మం పక్క కుర్చీ. పాపం, దాని మీద నింద వేయాలని నాకు తోచలేదు.”

“ఎగతాళి చాలు. ఆ ముగ్గురి సంగతి చెప్పు.”

“మొదటాయన ఆ అంకె అచ్చిరాదని, మిగతా ఇద్దరూ ఆయన ఓడాడని, నీలాగే వెనకాల నిలబడి గొంతు చించుకున్నారు. ఐదేళ్లూ నోరే విప్పలేదనుకుని జనం ఇంటికి పంపారు. నమ్మకపోతే కుర్చీ దగ్గరికి వెళ్లి చూడు.”

ఆమె బెరుకుగా వెళ్లి, వంగి చూసింది.

“బాబాయ్! కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు!”

“చింపి కూర్చో తల్లీ. అందులో ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు.”