లాంచీ మీద ఇద్దరు

ఏందే వనజా, గంత లావు సోల్డరింగ్ ఐరన్ తెచ్చినవు? కాలేజీల చూపెట్టే బొమ్మ బ్రిడ్జి అంటివి గదా. గిది బిందెలకు మాట్లేసేటందుకు పనికొస్తది గాని సన్న తీగలకు గాదు. నవ్వకు. మీ తాత బొగ్గుబాయి వర్క్‌షాపుల ఫిట్టర్. గిసొంటి లావుదే ఒకపారి ఇంటికి తెచ్చిండు. రేకుతోటి చేసే బొమ్మ లాంచీకి పొగగొట్టం అతకబోతే పక్కన అతికిచ్చిన కడ్డీలన్నీ ఊడి ఒళ్లె పడ్డయి. "వామ్మో నాగీ, నా లుంగీ!" అని ఒకటే ఎగురుడు. గప్పటిసంది పెన్సిలంత సన్నదే పట్టిండు. ఆ డబ్బాల ఏంది, అతుకుకు రాసే పేస్టా? వాసన సూడనీ. ఛీ, ఆసిడ్‌ది, పారెయ్. ఇయ్యాల మంచిగనే అతుకుతది, వానకాలం రాంగనే పచ్చగ చిలుం పడ్తది. దీనికి బదులు ఆయన పసుపుపచ్చటి రోజిన్ గడ్డ తెచ్చేటోడు, గుగ్గిలం లెక్క ఇల్లంత పొగ. పక్క క్వార్టర్ల అనంతమ్మ గోడ మీదికెంచి "ఏం పూజనే నాగక్కా ఇయ్యాల?" అనేది. ఏం పూజ, మా ఆయన లాంచీ పూజ అనేదాన్ని.

లాంచీ ఎందుకంటవా? మాది దుమ్ముగూడెం గాదూ. పెండ్లయినంక నన్ను భద్రాచలం దాక లాంచీల తోలుకొచ్చిండు. నాకు నీళ్లంటే భయం, ఆయన రెక్క వదిలితే ఒట్టు. బాయి కొలువుల పడ్డంక ఇగ గోదారి మొఖం సూసుడే లేదాయె. మళ్లొకపారి లాంచీ ఎక్కబుద్ధయితుందయ్యా అంటి. సెలవు దొరకని మనిషి ఏం జేస్తడు, రేకుతోటి చేసుడు మొదలువెట్టిండు. తడిబట్ట పట్టుడు నా పని. కొత్త అతుకు పెట్టేటప్పుడు పక్కన పాత అతుకు మీద తడిబట్ట లేకుంటే అది గూడ కరుగుతది బిడ్డా. నా చీర కొంగే చింపిచ్చిన. "గట్టిగ పట్టు నాగీ, కదలకు." ఆ మాట ఇంక చెవులనే ఉన్నది.

ఆఖరికి రాగితీగతోటి ఇద్దరు మనుషులను చేసిండు, నన్నూ ఆయననూ. నన్ను ముందుగాల లాంచీ మీద నిలవెట్టి అతికిండు. పక్కకే తను ఉండాలె, రెక్క తాకేటట్టు. తీరా సూస్తే ఇంట్ల ఉన్నది గట్టి టంకం, బాగ కాగితే గాని కరగదు. "దీంతోటి పెడితే నువ్వు ఊడొస్తవే. జల్దీ కరిగే మెత్తటిది కావాలె. ఆదివారం ఖమ్మం పోయి తెస్త" అన్నడు. శుక్రవారం షిఫ్టుల ఛాతి పట్టుకొని కూలవడ్డడు. దవాఖానా దాక గూడ ఆగలే. మీ అమ్మ అప్పటికి నా సంకలనే ఉండె. ఎంత యాదికొస్తడే నాకు, ఎవలకు చెప్పుకోను?

ఇగో ఆ లాంచీ. ఈ పౌడర్ డబ్బాల దాచిన రాగితీగ ఆయనను. నీ టంకం మెత్తటిదేనా? ఏదీ, నీ లావుది వద్దు, గూట్లె మీ తాత సన్నది ఉన్నది, దానికి ప్లగ్గు పెట్టు. కాగిందా? తాకియ్యి... అవ్, నెయ్యి లెక్క కరిగె. గిదేనే, గిదే కావాలన్నడు మీ తాత. పెడతవా? పెట్టు, నువ్వే పెట్టు. నా మీద తడిబట్ట నేను పడ్త. మొన ఆయన కాళ్లకాడనే ఆనియ్యి, జర... ఆగు. ఆగు బిడ్డా. ఇంకో జరసేపు చేతిల ఉండనియ్యి ఈయనను. అతికినంక ఇగ పట్టుకునేటందుకు నాకేముంటది?

ప్లగ్గు పీకెయ్. పొద్దటిసంది ఏం తిన్నవో ఏమో, పా, అన్నం పెడ్త.